మామిడి చెట్టు కింద పందుల దొడ్డి: నిపా అలా మొదలైంది

పశువుల పాక పక్కన పండ్ల చెట్టు వేసుకోండి, నీడకి నీడ, కాయకి కాయ అని నేనే చాలా వీడియోల్లో చెప్పాను. పైన పెట్టిన వీడియోలో ఆ మాట సరిదిద్దుకున్నాను. చూసే తీరిక లేనివాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నా.

మలేషియాలో ఇపో పట్నం దగ్గర 30 వేలకు పైగా పందులున్న ఫారం ఉండేది. దొడ్ల పక్కనే మామిడి చెట్లు. మనం చెప్పే మిశ్రమ సేద్యం లాగానే ఉంది కదా! రాత్రిపూట పెద్ద గబ్బిలాలు వచ్చి కాయలు తినేవి. సగం కొరికిన కాయ ఎంగిలితో సహా దొడ్లో పడేది. పంది తినేది.

1998లో అక్కడ మనుషులకు జ్వరం, మెదడువాపు మొదలయ్యాయి. దోమలతో వచ్చే జపనీస్ మెదడువాపు అనుకుని దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. అయినా టీకా వేసుకున్నవాళ్లూ జబ్బుపడ్డారు. అదీ ఎక్కువగా పందుల దగ్గర పనిచేసే మగవాళ్లే. దోమ పని చూసి కుట్టదు కదా! 1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయంలో డాక్టర్ చువా కా బింగ్ కొత్త వైరస్‌ని పట్టుకున్నారు. సుంగై నిపా అనే ఊరి పేరే దానికి పెట్టారు. ఈలోగా అమ్మిన పందులతో పాటు జబ్బు వేరే రాష్ట్రాలకూ పోయింది. మొత్తం 265 మందికి సోకి 105 మంది చనిపోయారు. దాదాపు 11 లక్షల పందుల్ని చంపేశారు.

గబ్బిలంలో ఆ వైరస్ ఎప్పట్నుంచో ఉంది. పెరట్లో నాలుగు పందులుంటే అవి జబ్బుపడి, చచ్చేవి చచ్చి బతికేవి బతికి, కథ అక్కడితో ఆగేది. వేల పందులు ఒకేచోట ఉండి, రోజూ కొత్త పిల్లలు పుడుతుంటే వైరస్‌కి మేత తరగదు.

బంగ్లాదేశ్‌లో అయితే మధ్యలో పంది కూడా అక్కర్లేకపోయింది. చలికాలంలో ఈతచెట్టుకి కట్టిన కుండలో గబ్బిలం మూతి పెడుతుంది, పొద్దున్నే ఆ పచ్చి రసం మనిషి తాగుతాడు. 2018లో మన పొరుగున కేరళలోని కోళికోడ్ వైపు నిపా వచ్చి 17 మంది పోయారు. కల్లు, నీరా తీసే అన్నలు గీత దగ్గర, కుండ మూతి దగ్గర గబ్బిలం చేరకుండా అల్లిన చాపగానీ వలగానీ కట్టండి. బంగ్లాదేశ్‌లో వెదురు చాపలు కడుతున్నారు. రసం బాగా కాచి బెల్లం చేస్తే వైరస్ బతకదు.

అలాగని గబ్బిలాల్ని తరమొద్దు. ఇప్పచెట్టు కాయ పట్టాలంటే అవే దిక్కు. నేను చేసిందల్లా పాక మీదకి ఒరిగిన జామ కొమ్మలు కొట్టేయడం, రాలిన కాయలు మేకలకు వేయకుండా గుంతలో పూడ్చడం. మా మనవడు మాత్రం చిలక కొరికిన కాయే తియ్యగా ఉంటుందని ఏడ్చాడు. కొరికింది చిలకో గబ్బిలమో కాయ మీద రాసుండదు కదా, అది కూడా గుంతలోకే పోయింది.

మీ ఊళ్లో కుండలకు ఏం కడుతున్నారో వీడియో కింద రాయండి.