వంతెన స్తంభములపై వెలసిన చరిత్ర

చిత్రశాల యనగా గోడలు, పైకప్పు మనకు స్ఫురించును. కాలిఫోర్నియాలోని శాన్ డియేగో నగరమున ఒక చిత్రశాలకు పైకప్పు మోటారుబండ్లు పరుగిడు వంతెన. గోడలు దానిని మోయు కాంక్రీటు స్తంభములు. దాని పేరు చికానో పార్కు.

చికానోలు మెక్సికో సంతతి అమెరికనులు. 1848లో యుద్ధానంతరము కుదిరిన ఒడంబడికతో మెక్సికో తన భూభాగమున దాదాపు సగము కోల్పోయినది. అచ్చటివారు ఇల్లు కదలకయే అన్యదేశములో పడిరి. పనికై సరిహద్దు దాటినవారు తరువాత వారితో చేరిరి. చులకనగా వాడబడిన 'చికానో' అను పేరును 1960వ దశాబ్దపు యువకులు తలయెత్తి తమదిగా చెప్పుకొనిరి.

శాన్ డియేగోలో వారి పేట లోగన్. 1963లో పెద్ద రహదారి దానిని నిలువున చీల్చెను. 1969లో పూర్తియైన కోరొనాడో వంతెనకు మరికొన్ని ఇండ్లు బలియైనవి. వంతెన క్రింద ఉద్యానము నిర్మింతుమని అధికారులు మాట యిచ్చిరి. కాని 1970 ఏప్రిల్ 22న అచ్చట నేల చదును చేయు యంత్రములను చూచి ఒక విద్యార్థి విచారింపగా, అది రహదారి పోలీసు ఠాణాకై యని తెలిసినది. అతడు కళాశాలకు పరుగెత్తి తోటివారికి చెప్పెను. పిల్లలు, స్త్రీలు, వృద్ధులు వచ్చి యంత్రముల కడ్డముగా నిలిచిరి. పండ్రెండు దినములు కదలక, ఆ నేలలోనే నాగజెముడును పూలమొక్కలును నాటిరి. ప్రభుత్వము దిగివచ్చినది.

స్తంభములను బొమ్మలతో నింపవలెనని కలగన్నవాడు ఆ పేటలో పెరిగిన చిత్రకారుడు సాల్వడార్ టోరెస్. 1973లో పని మొదలైనది. ఆజ్టెక్ దేవతలు, గ్వాడలూపే మాత, విప్లవవీరుడు జపాటా, పొలము కూలీలు అందరును అచ్చట ఇరుగుపొరుగులే.

వానిలో విక్టర్ ఓచోవా మొదలగువారు 1977లో వేసిన చిత్రము పేరు 'బర్రియో సీ, యోంకేస్ నో'. పేట కావలెను, తుక్కు దుకాణములు వద్దని భావము. ఇండ్ల నడుమ పాతబండ్ల తుక్కు గుట్టలు పడుచున్న రోజులవి. ఇంగ్లీషు 'జంక్' శబ్దము సరిహద్దువాసుల నోట నలిగి 'యోంకే' యైనది, మన 'ఆసుపత్రి' వలెనే. భాషోపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో దిద్దదగిన మాట! దిద్దినచో ఆ బొమ్మ ఆ పేటది కాకపోవును.

ఈ పార్కు 2016లో జాతీయ చారిత్రక స్థలమైనది. అంతకు ముందే, ఎండకును పొగకును రంగులు వెలిసిపోగా, 2011-12లో తొలి చిత్రకారులలో కొందరు తిరిగివచ్చి, తమ యౌవనమునాటి బొమ్మలకు తామే మరల రంగులు దిద్దిరి. పైన బండ్లు పోవుచునే యుండెను.