పెండ్లివిందులో స్వయముగా వడ్డించుకొను బల్ల

పెండ్లివిందులలో అతిథులు పళ్ళెము చేతబట్టుకొని తమకు కావలసినవి తామే వడ్డించుకొనుట యిప్పుడు మన విశాఖపట్టణములో సర్వసాధారణమైనది. దీనిని బఫే యనుచున్నారు. పెద్దలు కొందఱు దీనిని చూచి ముక్కుమీద వ్రేలు వేసికొనుచున్నారు. పిన్నలు కొందఱు పంక్తిభోజనమనగానే విసుగుకొనుచున్నారు. ఈ రెండు పక్షములలో నొకదానిని గెలిపించుటకు నే నీ వ్యాసము వ్రాయుటలేదు. ఇట్టి బల్ల పెట్టినచో ఇంటివారికి పని తగ్గునని చాలమంది తలంచుచున్నారు. అది పొరపాటు. వడ్డించువా రుండరు గనుక, వారు అప్పటికప్పుడు చేయు ఆలోచనయంతయు మనమే ముందుగా చేసియుంచవలెను. ఈ సంగతి నాకు రెండు పెండ్లిండ్లవలన తెలిసినది.

మొదటిది రెండేండ్లక్రిందట వైశాఖమాసములో ఈ నగరమున జరిగిన మా బంధువుల పెండ్లి. డెబ్బదియైదేండ్లు దాటిన మా పెద్దమ్మను విజయనగరమునుండి నేనే వెంటబెట్టుకొని వెళ్ళితిని. విందునకు బల్లలన్నియు గోడప్రక్కగా ఒకే వరుసగా వేసియుండిరి. వంటకములు ముప్పదికి తక్కువ లేవు. పళ్ళెములొక మూల, చెంచాలు వేఱొక మూల నుండెను. మా పెద్దమ్మ ఒకచేత కఱ్ఱ పట్టుకొని నడచును. రెండవచేత పళ్ళెము పట్టుకొన్న పిమ్మట వడ్డించుకొనుటకు చేయి యెక్కడిది? నేను వడ్డించి తెత్తునని గుంపులో చొరబడి మరలి వచ్చునప్పటికి, ఆమె కూర్చున్న కుర్చీని ఎవరో తీసికొనిపోయిరి. ఆమె స్తంభమునకు ఆనుకొని నిలుచుండెను. రెండు ముద్దలు నోట పెట్టుకొని, చాలునని, తాంబూలపు సంచిలోని అరటిపండు తీసి తినెను. మఱునాడు బస్సులో నాతో, "వంటలకేం తల్లీ, బోలెడున్నాయి. తినమ్మా అన్నవాళ్ళే లేరు" అనెను. కోపముతో అన్నమాట కాదది. అందువలననే నాకు మఱింత బాధ కలిగినది.

రెండవది యీ సంవత్సరము వైశాఖములోనే జరిగిన మా అక్క కుమార్తె వివాహము. పెండ్లికుమారుడు ఉక్కుకర్మాగారములో ఉద్యోగి. 1933లో రేవు తెఱచిన నాటినుండియు, 1992లో ఉక్కుకర్మాగారము జాతికి అంకితమైన పిదపను, ఈ పట్టణమునకు దేశపు నలుమూలలవారు వచ్చి కాపురములుండిరి. అతని స్నేహితులలో వంగదేశీయులు, ఒరియావారు, మలయాళీలు, పంజాబీలు నున్నారు. అందుచేత పిల్ల నాతో, "పిన్నీ, రిసెప్షన్‌లో చీజు బల్ల ఒకటి పెడదాం. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుంటారు" అనెను. అది విన్న మా అక్క, "పెళ్ళిలో పులిసిన పాలముద్దలూ, ఎండుమాంసమూనా? పెద్దమ్మ చూస్తే ఏమంటుందే?" అని నావంక చూచెను. తీర్పు నామీద పడినది.

ఐరోపావారు, అమెరికావారు పెండ్లిండ్లలో పెట్టు ఈ బల్లకు షార్కుటెరీ యని పేరు. వండిన మాంసమను అర్థముగల ఫ్రెంచిమాటలనుండి యీ పేరు పుట్టినది. ఉప్పువేసి ఆరబెట్టిన పంది మాంసపు పలుచని ముక్కలు, నాలుగైదు తెఱగుల చీజు, ద్రాక్షపండ్లు, బాదముపప్పు, ఊరవేసిన కాయలు, రొట్టెముక్కలు ఒక పెద్ద పలకమీద అమర్చి, అతిథులను తీసికొని తినుడందురు. చీజనగా పాలను విఱిచి, నీరు పిండి, ఉప్పుకలిపి, దినములో నెలలో నిలువయుంచి పక్వము చేసిన గడ్డ. మన యిండ్లలో ఈనిన పశువుల ముఱ్ఱుపాలతో వండుకొను జున్నుతో దీనికి పొత్తు లేదు.

నేను ఆలోచించి చూడగా ఆ బల్లలో మనకు క్రొత్త యేమియు కనబడలేదు. ఉప్పు పదార్థములోని తడిని లాగివేయును. ఎండయు ఆ తడినే హరించును. పులుపును సూక్ష్మక్రిములను ఎదుగనీయదు. వారి మాంసమును చీజును నిలువయుండుటకు కారణమేదో, మన ఆవకాయ, వడియములు, వరుగులు, చల్లమిరపకాయలు, మామిడితాండ్ర నిలువయుండుటకును కారణమదియే. నిలువ పదార్థములు విందునకు తగవనుటయు సరికాదు. పదునాఱవ శతాబ్దిలో శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు బాటసారులకు అన్నముపెట్టిన తీరు వర్ణించినాడు. వానకాలములో వడియములు, వరుగులు, పెరుగు. వేసవిలో ఎడనీళ్ళు, చెఱకురసము, మజ్జిగ, ఊరుగాయలు ఆయన పెట్టినట్లున్నది. ఋతువు నెఱిగి పెట్టుట అందలి నీతి. వైశాఖమాసమున సముద్రపుటొడ్డున విందుచేయు మనకు ఆ నీతి మిక్కిలి అవసరము.

ముందుగా ఒక ఆదివారము ఇంటిలోనే పరీక్షచేసి చూచితిని. చీజు ముక్కలు, వేయించిన వడియములు, తాండ్ర, జీడిపప్పు పళ్ళెములలో పెట్టి, పంకా వేసి, గడియారము ముందుంచుకొని కూర్చుంటిని. గంట గడచునప్పటికి చీజుపై నూనె చెమటవలె పొటమరించెను. వడియములు సముద్రపుగాలికి మెత్తబడెను. తాండ్ర ముక్కలు ఒకదానికొకటి అంటుకొనెను. జీడిపప్పు మాత్రము ఉన్నదున్నట్లుండెను. ఈ పరీక్ష చేయకయే రెండువందలమందికి బల్ల పరచియున్నచో ఏమగునో మీరే యూహించుకొనవచ్చును.

పరీక్ష తరువాత మేము చేసికొన్న యేర్పాటిది. చీజు గట్టిజాతివి రెండే తీసికొంటిమి. పనీరు, జున్ను, మెత్తని చీజు, తడిగల పాలపదార్థములు బల్లమీదికి రానీయలేదు. అవి త్వరగా చెడును. ఒక వంగదేశపు స్నేహితుడు హుగ్లీనది యొడ్డుననున్న బండెల్ ఊరిపేరు గల చీజు తెప్పించెను. పోర్చుగీసువారి కాలమునుండి వచ్చుచున్న ఆ చీజు చిన్న బిళ్ళలుగా, ఉప్పగా నుండును, పొగబెట్టినదియు దొరకును. మనవైపు పదార్థములలో భీమాలి మామిడితాండ్ర, పలాస జీడిపప్పు, మాడుగుల హల్వా, అనకాపల్లి బెల్లముతో చేసిన వేరుసెనగ అచ్చులు, ఆవకాయ, మాగాయ, చల్లమిరపకాయలు, వడియములు పెట్టితిమి. రొట్టెముక్కలతోబాటు చిన్న అట్లు, జంతికలు నుంచితిమి. ఆవకాయ నంజుకొని చీజు తినవచ్చునని పంజాబీ యువకులు కనిపెట్టిరి. తరువాత ఆవకాయ చాలలేదు.

పరిమాణముల విషయమున చాలమంది తికమకపడుదురు. ఇది భోజనమునకు ముందు చిరుతిండి బల్ల. భోజనము వేఱుగా నున్నది. కనుక రెండువందలమందికి తలకు 25 గ్రాముల చొప్పున చీజు 5 కిలోలు, 20 గ్రాముల చొప్పున తాండ్ర 4 కిలోలు, 15 గ్రాముల చొప్పున జీడిపప్పు 3 కిలోలు, 75 గ్రాముల చొప్పున కోసిన పండ్లు 15 కిలోలు లెక్కవేసితిమి. ఈ బల్లయే భోజనమైనచో ఇంతకు రెట్టింపైనను చాలదు.

అన్నిటికంటె ముఖ్యమైనది వేడిమి సంగతి. వండిన పదార్థములను, చెడు స్వభావముగల పదార్థములను బయట రెండుగంటలకు మించి ఉంచరాదనియు, చల్లనివి 5 డిగ్రీలకు లోపల, వేడివి 60 డిగ్రీలకు పైన ఉంచవలెననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. గాలి వేడిమి 32 డిగ్రీలు దాటినప్పుడు ఒక గంటయే గడువని అమెరికా ప్రభుత్వపు సూచన. వైశాఖములో మన నగరమునకు వర్తించునది ఈ రెండవ సూచనయే. కాబట్టి చీజును కోసిన పండ్లను ఒకేసారి కుమ్మరింపక, నలుబది నిమిషములకు సరిపడినంత మాత్రమే చిన్న పళ్ళెములలో పెట్టితిమి. ప్రతి పళ్ళెము క్రింద, పెట్టిన వేళ వ్రాసిన చీటి యుంచితిమి. వేళ మీఱిన పళ్ళెమును నింపుట కాదు, తీసివేసి క్రొత్తపళ్ళెము పెట్టుట మా నియమము. మిగిలిన సరకు, రేవులో చేపలవారు వాడు జాతివే యైన క్రొత్త థర్మోకోల్ పెట్టెలలో, మంచుగడ్డల నడుమ మూతగల డబ్బాలలో నుండెను. మంచునీరు తినుపదార్థమును తాకరాదు. వడియములను గాజుసీసాలలో మూతబెట్టి, చిమటా ప్రక్కనుంచితిమి. ఏటికొప్పాక లక్కగిన్నెలలో పొడిగానుండు జీడిపప్పు మాత్రము పోసితిమి.

శాకాహారులకు ఒక హెచ్చరిక. పాలను విఱుచుటకు కొన్ని చీజులలో లేగదూడ కడుపునుండి తీసిన రెన్నెట్టను పదార్థము వాడుదురు. కావున కొనునప్పుడు పొట్లముమీద ఆకుపచ్చ చతురములోని ఆకుపచ్చ చుక్కను చూచి తీసికొనవలెను. విడిగా కోసి యమ్ము చీజునకు ఆ గుర్తు చూపుమని యడుగుటకు మొగమాటపడరాదు. ఇక మాంసము మా యింటి పెండ్లిలో పెట్టు ఆచారము లేదు, పెట్టలేదు. ఆ ఆచారముగలవారు దానిని దూరముగా వేఱుబల్లమీద, వేఱు చిమటాలతో, మంచుపై నుంచిన పళ్ళెములలో పెట్టుట మేలు. ఒకే చెంచా రెండింట మునిగినచో శాకాహారి యావత్తు బల్లకే దూరమగును.

బల్లను గోడకు చేర్చక నడుమ వేయించి, ఇరువైపులనుండి తీసికొనునట్లు చేసితిమి. పళ్ళెములు మొదట, చేతిగుడ్డలు చివర. ప్రతి పదార్థమునెదుట తెలుగు, హిందీ, ఇంగ్లీషులలో పేరు వ్రాసి, అందులో పాలు, గోధుమ, జీడిపప్పు, వేరుసెనగ యేది యున్నదో తెలిపితిమి. వేరుసెనగ పడనివారికి ఆ చీటి ప్రాణరక్షకము. పళ్ళెములకు అడ్డాకు విస్తళ్ళనే చిన్నవిగా కుట్టించితిమి. మన మన్యములో గిరిజనులు సేకరించు ఆకులవి. ఒక్కసారి వాడి పాఱవేయు ప్లాస్టికు పళ్ళెములు, చెంచాలు 2022 జూలై 1వ తేదీనుండి దేశమంతట నిషిద్ధములు గదా.

ఇంతచేసినను నా మనస్సులో బస్సులో పెద్దమ్మ అన్నమాట మెదలుచునే యుండెను. కనుక అక్కతో మాటాడి రెండు పనులు చేయించితిని. బల్లకు చెఱియొకవైపున మా యింటి పిల్లలనే ఇద్దఱిని నిలిపితిని. వారి పని వడ్డించుట కాదు. "ఇది మా ఊరి తాండ్రండీ, రుచి చూడండి" అనుట, కఱ్ఱపట్టుకొన్నవారు, పసిబిడ్డ నెత్తుకొన్నవారు వచ్చినచో పళ్ళెము తామందుకొనుట. రెండవది, మండపములో ఫ్యాను క్రింద ఇరువది కుర్చీలు, వాటిముందు బల్లలు వేయించి, విస్తళ్ళు పఱపించి, అక్కయు నేనును వడ్డించు పంక్తి నేర్పఱచితిమి. వడ్డనవారి కూలి కొంత యెక్కువైనదని బావగారు గొణిగిరి. చీజు ఒక జాతి తగ్గించి ఆ సొమ్ము సరిపుచ్చితిమి. మొదట మూడు జాతులు తలంచితిమి. రెండయినందుకు ఎవరును లోటనలేదు.

అన్నియు సరిగా జరిగినవని చెప్పజాలను. మొదటి అరగంటలో వచ్చినవారందఱు పండ్లవద్దనే గుమికూడిరి. వానిని రెండుచోట్ల పెట్టియుండవలసినది. తాండ్రను ముందుగా కోయించుటచే కొంత అంటుకొని వ్యర్థమైనది. నడుమ మైనపుకాగితము వేయవలెనని తరువాత తోచినది. బయటపెట్టి వేళమీఱినదానిని పాఱవేసితిమి. అది చూచి మా అక్కకు ప్రాణము విలవిలలాడినది. మంచుపెట్టెలో విప్పక మిగిలిన చీజు ఇంచుమించు కిలో. దానిని మఱునాడు పిల్లలున్న యిండ్లకు పంచితిమి. పండ్లు మిగులలేదు.

పెద్దమ్మ పంక్తిలో మొదటి కుర్చీలో కూర్చుండెను. పప్పు, చారు, పెరుగన్నము తృప్తిగా తినెను. పిమ్మట పిల్ల చిన్నవిస్తరిలో చీజుముక్క యొకటి, ఆవకాయబద్ద యొకటి పెట్టి తెచ్చి, "ఒక్కటి తిను అమ్మమ్మా" అని బ్రతిమాలెను. ఆకుపచ్చ చుక్క సంగతి విన్నపిమ్మట ఆమె కొంచెము కొఱికి, "ఉప్పెక్కువే. పోనీ, నీ పెళ్ళి కదా" అని తక్కినదియు తినెను. ఆవకాయబద్ద ఇంకొకటి తెమ్మనెను.

మీ యిండ్లలో శుభకార్యము తలపెట్టినప్పుడు ఏ బల్ల పెట్టుదురో అది మీ యిష్టము, మీ శక్తి. బల్ల పెట్టుటకు ముందు ఒక్క ఆదివారము ఇంటిలో పరీక్షచేసి చూడుడు. నిలుచుండలేనివారికి కుర్చీలెన్ని కావలయునో ముందుగా లెక్కవేసికొనుడు. ఈ రెండు పనులకు ఖర్చు స్వల్పము. మఱచినచో వచ్చు నష్టమేమో మా పెద్దమ్మవలన నేను తెలిసికొంటిని.