రైతు కొట్టమునకు తగిన డ్రిల్లింగు యంత్రము

ఉడికించి యెండించిన పసుపుకొమ్ములను మెఱుగుపెట్టు దినములలో డ్రమ్ము ఇరుసును పట్టియుంచు బోల్టు తెగినచో పని యంతయు నిలిచిపోవును. క్రొత్త బోల్టు దొరకినను, పాత బెజ్జము సాగి కోడిగ్రుడ్డువలె నగుటచే అది నిలువదు. ఆ యినుపపట్టీని మోసికొని నిజామాబాదునకో బోధనునకో పోవలెను. ఒక్క బెజ్జమునకు ఒక దినము. అంతవఱకు కూలీలు ఊరక కూర్చుందురు. అందుచే కొట్టములోనే నిలువు డ్రిల్లింగు యంత్రము పెట్టుకొనవచ్చునా యని సభ్యులు పలువురు మమ్ము అడుగుచున్నారు.

ఏడాదికి నాలుగు బెజ్జములు మాత్రమే కావలసినవారు కొననక్కఱలేదు. కొయ్యకును పలుచని రేకునకును చేతి డ్రిల్లు చాలును. నాగళ్లు, గొఱ్ఱులు, డ్రమ్ములు, బండ్లు తామే బాగుచేసికొనువారికి నిలువు యంత్రము మేలు. మూడు నాలుగు కుటుంబములు కలసి కొనుట యింకను మేలు.

మన ప్రాంతమునకు యంత్రములు క్రొత్తవి కావు. మంజీరపై 1923లో ఆరంభింపబడిన నిజాంసాగరు 1931లో పూర్తికాగా, ఆ నీటితో చెఱకు వ్యాపించెను. 1937లో బోధనునొద్ద శక్కరునగరున నిజాము చక్కెర కర్మాగారము వెలసెను. 2015 డిసెంబరులో మూతపడెను. అచ్చట పనిచేసిన ఫిట్టరు మీ గ్రామమున నున్నచో, యంత్రము కొనునపుడు ఆయనను వెంట తీసికొనిపొండు. ఈ వ్యాసముకంటె ఆయన వ్రేళ్లకు ఎక్కువ తెలియును.

మొదట పరిమాణము. దుకాణములలో ఎక్కువగా చూపునది 13 మి.మీ. చక్కు గల చిన్న యంత్రము. దానికి అర హార్సుపవరు మోటారుండును. 12 మి.మీ. బోల్టువఱకు అది సరిపోవును. కాని మన పనిముట్లలో 16 మి.మీ. బోల్టులును గలవు, వానికి 17 లేక 18 మి.మీ. బెజ్జము కావలెను. కావున 20 మి.మీ. యంత్రము, ఒక హార్సుపవరు మోటారు, రెండవ నంబరు మోర్సు టేపరు గలదానిని మేము కోరుదుము. ఈ టేపరులో 23 మి.మీ. వఱకు బిట్టులు నేరుగా కూర్చుండును. ఇంటికి సింగిలు ఫేజు విద్యుత్తు మాత్రమే యున్నచో దానికి తగిన మోటారునే యడుగుడు. ఎర్తు తీగ తప్పక యుండవలెను.

వేగమును పలువురు మఱచెదరు. మెత్తని యినుములో 6 మి.మీ. బిట్టు నిమిషమునకు సుమారు 1300 చుట్లు తిరుగవచ్చును, 12 మి.మీ. బిట్టు 650, 20 మి.మీ. బిట్టు 400 మాత్రమే. కొన్ని తేలిక యంత్రముల కనిష్ఠవేగమే 600కు తగ్గదు. వానిలో పెద్ద బిట్టు కాలి నీలమై మొద్దుబాఱును. బెల్టును ఏ పుల్లీపై వేసిన ఎన్ని చుట్లో చూపు పట్టిక యంత్రముమీదనే యుండును. దానిని చూడక డబ్బు చెల్లింపకుడు.

స్పిండిలును పూర్తిగా క్రిందికి దించి అటునిటు కదలించి చూడుడు, ఊగినచో వదలుడు. పిదప విద్యుత్తు తీసివేసి, వంచిన తీగ నొకదానిని చక్కులో బిగించి, దాని కొన బల్లకు తాకునట్లుంచి చేతితో త్రిప్పుడు. చుట్టును సమముగా తాకినచో బల్ల సరిగానున్నది. కుడియెడమల తేడాను బల్ల మరలు సడలించి దిద్దవచ్చును. ముందువెనుకల తేడా సులభముగా పోదు. మేము మొదట కొన్న యంత్రమును రంగు చూచి తెచ్చితిమి. ఈ తీగపరీక్ష అప్పటికి మాకు తెలియదు. దానితో చేసిన బెజ్జము లన్నియు వంకరలే.

అంతకంటె పెద్ద తప్పు మఱియొకటి చేసితిమి. చిన్న పట్టీయే గదా యని ఎడమచేతితో పట్టుకొని బెజ్జము వేయుచుంటిమి. బిట్టు అడుగువైపునకు వెలువడు క్షణమున పట్టీని చిక్కించుకొని గిఱ్ఱున త్రిప్పెను. బొటనవ్రేలిపై ఆ గుఱుతు నేటికిని గలదు. యంత్రముతోపాటే వైసును కొని బల్లకు బోల్టులతో బిగింపుడు. చేతితొడుగులు వేసికొనరాదు, ఉత్తరీయము వ్రేలాడరాదు, చక్కు తాళమును దానిలోనే విడువరాదు.

లారీ కమానుపట్టీతో చేసిన కర్రులకు ఏ బిట్టును ఊరక దిగదు. వానిని కొలిమిలో ఎఱ్ఱగా కాల్చి, బూడిదలో కప్పి, తెల్లవాఱువఱకు చల్లారనిచ్చి, పిదప నూనె వేయుచు నెమ్మదిగా తొలువవలెను. బెజ్జము ముగిసినపిమ్మట కమ్మరిచేత మరల పదును పెట్టింపవలెను.

సంఘమున అప్పు కోరువారు వైసు, బిట్టులు, సెంటరు పంచి, సానరాయి వీని వెలలను గూడ దరఖాస్తులోనే చేర్చి వ్రాయుడు. యంత్రమునకు మాత్రమే అడిగి, వైసునకు డబ్బు చాలక చేతితో పట్టుకొన్నవారిని మేము చూచియున్నాము.