ఇంజను నూనెను పైనుండి తోడుట

రైతు సోదరులలో కొందరు కారు నూనెను ఇంటియొద్దనే మార్చుకొందురు. జాకీపై లేపిన బండి క్రిందికి దూరి బోల్టు విప్పుట ప్రాణాపాయకరము. జాకీ జారినచో మనిషి దక్కుట కష్టము. ఆయిల్ ఎక్స్‌ట్రాక్టరు ఉన్నచో క్రిందికి దూర బనిలేదు. ఇది చేతిపంపును, సన్నని గొట్టమును గల డబ్బా మాత్రమే.

ముందుగా డిప్‌స్టిక్కుతో నూనె మట్టము చూడవలెను. పిదప ఇంజనును అయిదు నిమిషములు నడిపి ఆపినచో నూనె పలుచనగును. మిక్కిలి కాగనీయరాదు, గొట్టము మెత్తబడును, చేయి కాలును. డిప్‌స్టిక్కు తీసిన రంధ్రమున గొట్టమును అడుగు తగులువరకు దింపి పంపు కొట్టవలెను. డబ్బాలో గాలి తగ్గగా, బయటి గాలి ఒత్తిడిచే నూనె పైకెక్కును.

వచ్చిన నూనెను కొలవక క్రొత్తది పోయరాదు. ఇదియే ముఖ్యము. మట్టము నిండుగా నుండియు, బండి పుస్తకములో చెప్పినదానికంటె చాల తక్కువ వచ్చినచో, గొట్టము అడుగునకు చేరలేదన్నమాట. అట్లే క్రొత్తది నిండుగ పోసినచో నూనె హెచ్చై ఇంజనునకు చెరుపు. కొన్ని బండ్లలో గొట్టము అడుగువరకు దిగనే దిగదు. వానికి క్రింది బోల్టే గతి. ఫిల్టరును మాత్రము వేరుగ మార్చవలసినదే.

అడుగు మడ్డిని ఈ పంపు పూర్తిగ తీయదు. కావున అప్పుడప్పుడు వర్క్‌షాపులో బోల్టు విప్పించి, ఇనుపరజను పడుచున్నదేమో చూచుట మేలని నా యభిప్రాయము.

పాతనూనెను బావిగట్టునగాని కాలువలోగాని పారబోయరాదు. 2016 నాటి భారత ప్రభుత్వ నియమముల క్రింద నిది అపాయకర వ్యర్థము. మూతగల డబ్బాలో దాచి, పాతనూనె తీసికొను సర్వీసు స్టేషనునకు చేర్చవలెను.