కాపీ అయిందంటే అయినట్టేనా? పాత డిస్కు చెరిపేముందు ఒక్కసారి సరిచూడుండ్రి

ఆకుపచ్చ గీత చివరిదాక పోతది, డబ్బా మాయమైతది. కాపీ అయిపోయిందనుకుంటం. వెంటనే పాతదాన్ని ఫార్మాట్ గొట్టి ఇంకోదానికి వాడుకుంటం. ఊర్లల్ల పెండ్లి వీడియోలు తీసే తమ్ముళ్ల కాడికెల్లి, యూట్యూబ్ ఛానల్‌కు పాటలు రికార్డు చేసే చెల్లెండ్ల దాక అందరం చేసేది ఇదే. మెమరీ కార్డు రేపు పొద్దున ఇంకో పెండ్లికి కావాలె, అందుకే తొందర. ఆ తొందరలనే నష్టం జరుగుతది. తలంబ్రాలు మళ్ల పోయించి షూటింగ్ తీస్తమా? అవ్వ పాడిన బతుకమ్మ పాట, అవ్వ పోయినంక, యాడికెల్లి తెస్తం?

ఆ గీతకు తెల్సింది ఒక్కటే. పాత డిస్కుల చదివిన, కొత్త డిస్కు చేతుల పెట్టిన, గంతే. కొత్తది దాన్ని సక్కగ రాసుకున్నదా, మళ్ల అడిగితే అదే తిరిగి ఇస్తదా అనేది విండోస్ మామూలు కాపీల చూడదు. ఎక్కువసార్లు అంత మంచిగనే ఉంటది, అబద్ధమెందుకు. తప్పులు పట్టుకునే ఏర్పాటు డిస్కులల్ల, యూఎస్‌బీల లోపల్నే ఉంటది. గని ర్యామ్ చెడిపోతున్నా, కేబుల్ వదులైనా, ఆఖర్ల డిస్కును ఎజెక్ట్ చెయ్యకుంట గుంజేసినా, చప్పుడు లేకుంట ఫైల్ పాడయ్యే దారులు ఉన్నయ్.

చానమంది చేసే పరీక్ష ఏందంటే, రెండు ఫోల్డర్ల మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ల ఫైళ్ల సంఖ్య, సైజు చూసుడు. మంచి పనే, మొదాలు అదే చెయ్యాలె. అయితే "సైజ్" అన్న గీతనే చూడుండ్రి. "సైజ్ ఆన్ డిస్క్" అన్నది డిస్కు ఫార్మాట్‌ను బట్టి మారుతది, దాన్ని చూసి ఫికర్ పడద్దు. సంఖ్య కలువకపోతే ఏదో ఫైల్ రాలేదని తెలుస్తది. కలిసినంత మాత్రాన లోపలి సరుకు మంచిదని కాదు. వడ్ల బస్తాలు లెక్కవెట్టినం, కాంట వెట్టినం, రెండూ సరిపోయినయ్. లోపల వడ్లే ఉన్నయా, మట్టిపెళ్లలు ఉన్నయా బస్తా ఇప్పకుంట ఎట్ల తెలుస్తది?

ఇది ఉత్త భయం కాదు. ఆన్‌లైన్ల అగ్గువకు దొరికే 2 టీబీ పెన్‌డ్రైవుల మోసం చూడుండ్రి. లోపల ఉండేది 32 జీబీనో 64 జీబీనో చిప్పు. కంప్యూటర్‌కు మాత్రం "నాది 2 టీబీ" అని అబద్ధం చెప్పేటట్టు దాన్ని మార్చి అమ్ముతరు. జాగ నిండినంక వచ్చేదాన్ని అది పడేస్తది, లేకుంటే పాతదాని మీదనే రాస్తది. అయినా ఫైళ్ల పేర్లు, సైజులు అన్నీ సక్కగనే కనబడుతయ్. తెరిచినప్పుడే బయటపడుతది. కొత్త డ్రైవు మీద అనుమానం ఉంటే సరుకు ఎక్కియ్యకముందే విండోస్ల హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్ల ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములతోటి నిండా రాసి, తిరిగి చదివి పరీక్ష చెయ్యొచ్చు.

ఒకటి రెండు వీడియోలు తెరిచి చూస్తే సాలదా అంటే, సాలదు. ఫోటో పైసగం మంచిగుండి కిందిసగం బూడిదరంగు అయితది. వీడియో మొదటి పది నిమిషాలు మంచిగనే ఆడుతది, అప్పగింతల కాడ ఆగుతది. అన్నీ మొత్తం కూసొని చూసే ఓపిక ఎవరికుంటది?

ఆ పని కంప్యూటర్‌కే అప్పజెప్పాలె. దానికున్న ఉపాయం పేరు హ్యాష్. ఫైల్ల ఉన్న ప్రతి బైటును చదివి, ఒక సూత్రం ప్రకారం చిన్న ముద్ర తీస్తది. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిల ఆ ముద్ర 64 అంకెలు, అక్షరాలు ఉంటది. ఫైల్ 1 కేబీ అయినా 100 జీబీ అయినా అంతే పొడుగు. లోపల ఒక్క బిట్టు మారినా ముద్ర మొత్తం మారుతది. పాతదాని ముద్ర, కొత్తదాని ముద్ర ఒక్కటే అయితే సరుకు ఒక్కటే. ఎండీ5 అనే పాత పద్ధతి పనికిరాదని కొందరు వాదిస్తరు. 2004ల దాని లొసుగు బయటపడ్డ మాట నిజమే, గని అది కావాలని మోసం చేసేటోళ్ల ముచ్చట. కేబుల్ తప్పులు పట్టుకోనీకి ఎండీ5 కూడా సాలు.

చేసే తీరు అల్కగనే ఉంటది. 7-జిప్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుంటే రైట్ క్లిక్ల "సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ" అనే మెనూ వస్తది. పాత ఫోల్డర్ మీద క్లిక్ చేసి అండ్ల ఎస్‌హెచ్‌ఏ-256 ఎంచుకోవాలె. అయిపోయినంక "డేటా" అన్న గీత కాడ ముద్ర కనబడుతది. కొత్త ఫోల్డర్‌కు కూడా అట్లనే తీసి, రెండు కలిపి చూడాలె. ఒక్క మాట మర్చిపోవద్దు: కాపీ అయినంక కొత్త డిస్కును ఎజెక్ట్ చేసి, గుంజి, మళ్ల పెట్టినంకనే ముద్ర తియ్యాలె. లేకుంటే ఇప్పుడే కాపీ చేసిన ఫైల్ కంప్యూటర్ ర్యామ్ల ఇంకా ఉంటది, అండ్లకెల్లే చదివి "సరిపోయింది" అంటది. డిస్కు మొకం కూడా చూడదు.

టైం పడుతది. సెకనుకు 100 ఎంబీ చదివే డిస్కు మీద 500 జీబీ ఉంటే గంటన్నర దాక. పెట్టి తినొస్తే అయిపోతది. కాపీ, పరీక్ష ఒక్కసారే కావాలంటే టెరాకాపీల "వెరిఫై" అనే ఏర్పాటు ఉన్నది.

ముద్రలు కలువకపోతే పరేషాన్ కావద్దు. ఫోల్డర్ల ఫోల్డర్‌కు విడివిడిగ తీసుకుంట పోతే తప్పు ఏ ఫైల్ కాడ ఉన్నదో దొరుకుతది. ఆ ఒక్కదాన్ని మళ్ల కాపీ చెయ్యాలె, కేబుల్ మార్చి. ఒకే డిస్కుల, ఒకే ఫైల్‌కు రెండుసార్లు తీస్తే రెండు తీర్ల ముద్రలు వస్తున్నయంటే, ర్యామ్ మీదనో కేబుల్ మీదనో అనుమానం పెట్టుకోవాలె.

హ్యాష్‌కు కూడా చేతగానిది ఒకటున్నది. పాత ఫైలే పాడైపోయి ఉంటే, పాడైనదాన్ని అచ్చం అట్లనే కాపీ చేసినమని చెప్తది, అంతకుమించి చెప్పదు. వాట్సాప్ల మామూలుగ పంపిన ఫోటో ముద్ర అసలుదానితోటి కలువదు, అది కుదించి పంపుతది గనుక. డాక్యుమెంట్ల పంపితే కలుస్తది.

ఇదంత అయ్యేదాక "కట్" ముట్టద్దు, "కాపీ"నే కొట్టాలె. సరిపోయినంక ఆ ముద్రను ఒక నోట్‌ప్యాడ్ ఫైల్ల రాసి, తారీఖు వేసి, ఫోల్డర్ పక్కన పెట్టుండ్రి, ఫోన్ల కూడా ఒక కాపీ ఉంచుకోండ్రి. వచ్చే దసరాకు బీరువాలకెల్లి డిస్కు తీసినప్పుడు, పాత డిస్కు లేకున్నా, మళ్ల ముద్ర తీసి రాసుకున్నదానితోటి కలిపి చూడొచ్చు.