ఆఫర్ లెటర్ వెనక్కి తీసుకున్నప్పుడు

ఉద్యోగం వచ్చిందని ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పినవారు, నెల తిరక్కుండానే అది పోయిందని చెప్పడానికి మైకు దగ్గరకు రారు. వెనక వరుసలో కూర్చుంటారు, లేదా కొన్నాళ్లు మందిరానికే రావడం మానేస్తారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం హైదరాబాదు, బెంగళూరు వెళ్లిన మన సంఘాల పిల్లల్లో కొందరికి ఇది ఎదురవుతోంది. ఇంటర్వ్యూలు అయ్యాయి, జీతం మాట్లాడుకున్నారు, ఆఫర్ లెటర్ వచ్చింది. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో తేడా ఉందంటూ కంపెనీ ఆఫర్‌ను రద్దు చేసింది. పాత ఉద్యోగానికి అప్పటికే రాజీనామా ఇచ్చి ఉంటే రెండూ పోయినట్టే. "ఏదో తప్పు చేసే ఉంటాడు" అని సంఘంలో మాట పుట్టడానికి ఎంతో సేపు పట్టదు.

ఆఫర్ లెటర్ చేతికి రాగానే మొదటి పేజీలో జీతం చూస్తాం. వెనక పేజీల్లో, మీరిచ్చిన వివరాలు సరైనవని తేలితేనే ఈ నియామకం చెల్లుతుందనే షరతు సాధారణంగా ఉంటుంది. ఆ పరిశీలనను కంపెనీలు చాలావరకు బయటి ఏజెన్సీలకు అప్పగిస్తాయి. వారు డిగ్రీ నిజమా అని యూనివర్సిటీని, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పనిచేశారని పాత కంపెనీని అడుగుతారు. చిరునామా, గుర్తింపు కార్డులు, కోర్టు రికార్డులు చూస్తారు. నివేదికలో అంతా సరిపోతే గ్రీన్, స్పష్టత లేకపోతే ఆంబర్, తేడా ఉంటే రెడ్ అని గుర్తుపెట్టడం వాడుక. మూతపడిన కంపెనీ నుంచి జవాబు రాకపోయినా గ్రీన్ పడదు. అది అభ్యర్థి అబద్ధమాడినట్టు కాదు. కానీ తొందరలో ఉన్న హెచ్‌ఆర్ అధికారి అంత లోతుగా చూడకపోవచ్చు.

మన కుటుంబాల్లో ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేర్లతోనే. పదో తరగతి మెమోలో ఒక పేరు ఉంటుంది. బాప్తిస్మం తర్వాత ఇంట్లో, సంఘంలో మరో పేరుతో పిలుస్తారు, ఆధార్‌లోనూ అదే రాయిస్తారు. పెళ్లయిన సహోదరికి ఇంటిపేరు మారుతుంది. బాప్తిస్మ పత్రం మనకు ఎంత విలువైనదైనా, కంపెనీ దృష్టిలో పేరు మార్పుకు అది చాలదు. అఫిడవిట్, గెజిట్ ప్రకటన అడుగుతారు. ఇంకొకటి, కోర్టు రికార్డులను చాలాసార్లు పేరు, తండ్రి పేరు ఆధారంగా వెతుకుతారు. ఒకే జిల్లాలో ఎంతమంది ఏసురత్నాలు, ఎంతమంది ప్రభాకరరావులు ఉంటారో మనకు తెలుసు. ఎవరి మీదో ఉన్న కేసు మన పిల్లవాడి నివేదికలోకి వచ్చే ప్రమాదం ఉంది. పుట్టిన తేదీ, చిరునామా ఆధారాలు చూపి ఆ వ్యక్తి తాను కానని రాతపూర్వకంగా తెలియజేయాలి.

ఇవి దిద్దుకోదగ్గవి. దిద్దుకోలేనిది మరొకటి ఉంది, దాని గురించి మన వేదికల మీద మాట్లాడం. అదే ఫేక్ ఎక్స్‌పీరియన్స్. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకున్న కుర్రవాడికి, మూడేళ్లు పనిచేసినట్టు లెటరు, పే స్లిప్పులు డబ్బుకు ఇప్పిస్తామనే మధ్యవర్తులు దొరుకుతారు. "అందరూ చేస్తున్నదే" అంటారు. తల్లి గొలుసు తాకట్టు పెట్టి ఆ డబ్బు తెస్తుంది. 2014 నుంచి ప్రతి పీఎఫ్ సభ్యుడికీ యూఏఎన్ అనే ఒకే నంబరు ఉంది. ఎక్కడ ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో ఆ నంబరు కింద వరుసగా కనిపిస్తుంది. ఆదాయపు పన్ను శాఖ ఫారం 26ఏఎస్‌లో పన్ను కోసిన యజమాని పేరు ఉంటుంది. కాగితం మీద ఉన్న మూడేళ్లు ఈ రెండింటిలోనూ లేకపోతే ప్రశ్న తప్పదు. ఉనికిలో లేని కంపెనీల పేరిట అనుభవ పత్రాలు పెట్టినవారిని తొలగించినట్టు 2022లో యాక్సెంచర్ సంస్థ ఇండియాలో చెప్పింది. అంటే చేరిన తర్వాత కూడా భద్రత లేదు.

యెహోషువ గ్రంథం 9వ అధ్యాయంలో గిబియోనీయులు బూజు పట్టిన రొట్టెలు, చినిగిన ద్రాక్షారసపు తిత్తులు చూపించి దూరదేశస్థులమని నమ్మించారు. చూపించినవి నిజంగా పాతవే, చెప్పిన కథ మాత్రం కల్పితం. మూడు రోజుల్లో బయటపడింది. ప్రాణాలు దక్కాయి గాని కట్టెలు కొట్టేవారిగా, నీళ్లు తోడేవారిగా మిగిలిపోయారు. అలాంటి లెటరుతో వచ్చిన ఉద్యోగాన్ని కానుక కవరుతో సహా సాక్ష్యంగా చెప్పించే సంఘం, ఆ పిల్లవాడికి మేలు చేస్తోందని నేననుకోను. సొంత కంపెనీ నడిపే సంఘ పెద్ద, తెలిసినవారి అబ్బాయే కదా అని పనిచేయని కాలానికి అనుభవ పత్రం ఇస్తే అది దయ కాదు, అబద్ధ సాక్ష్యం.

ఉద్యోగం లేని కాలం మాత్రం నేరం కాదు. తల్లికి జబ్బు చేసి ఏడాది ఇంట్లో ఉన్నాననో, లేఆఫ్‌లో పోయిందనో రాయవచ్చు. తేదీలు అటూ ఇటూ జరిపి ఆ ఖాళీని కప్పడం వల్లే ఆఫర్ పోయే పరిస్థితి వస్తుంది.

ప్రభుత్వోద్యోగాల్లో అటెస్టేషన్ ఫారం ఉంటుంది. కేసు ఉంటే అందులో రాయాలి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీనిమీద మార్గదర్శకాలిచ్చింది. చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయాన్ని దాచి ఉంటే అధికారి తన విచక్షణతో ఉపేక్షించవచ్చు. అదే సమయంలో, నిజం చెప్పినా నియమించి తీరాలని యజమానిని బలవంతం చేయలేమని కూడా అంది. కాబట్టి నిజం రాస్తే ఉద్యోగం ఖాయమని పిల్లలకు మాట ఇవ్వకండి.

ఆఫర్ రద్దయినట్టు మెయిల్ వస్తే ఫోనులో బతిమాలడం కన్నా, ఏ అంశంలో తేడా వచ్చిందో, ఏజెన్సీ ఎవరో, నివేదిక ప్రతి ఇస్తారా అని మెయిల్‌లోనే మర్యాదగా అడగడం మంచిది. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇది హక్కు. అక్కడి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ప్రకారం, ఏజెన్సీ నివేదిక ఆధారంగా ఉద్యోగం నిరాకరించే ముందు దాని ప్రతిని అభ్యర్థికి ఇవ్వాలి. ఇక్కడ చాలావరకు అడిగి తెచ్చుకోవాల్సిందే. పీఎఫ్ రికార్డులో మానేసిన తేదీ పడకపోతే పాత కంపెనీని అడగాలి, లేదా చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఆన్‌లైన్‌లో తామే నమోదు చేసుకోవచ్చు. వీలైతే వెరిఫికేషన్ ముగిసిందని తెలిశాకే రాజీనామా ఇవ్వడం మేలు. తొంభై రోజుల నోటీసు ఉన్నచోట అది అన్నిసార్లూ కుదరదు.

సౌలు యెరూషలేముకు వచ్చినప్పుడు శిష్యులు అతన్ని నమ్మలేదు. అతని గతం అలాంటిది మరి. బర్నబా అతని గతాన్ని దాచలేదు, దమస్కులో ఏం జరిగిందో వివరించి చేయిపట్టి తీసుకెళ్లాడు. మన సంఘాల్లో హెచ్‌ఆర్ విభాగాల్లో పనిచేసే సహోదరీ సహోదరులున్నారు, లాయర్లున్నారు. నెలకొక శనివారం యౌవనస్థుల కూటం తర్వాత ఒక గంట కూర్చుని, ఉద్యోగాలకు దరఖాస్తు చేసే పిల్లల మెమోలు, ఆధార్, పీఎఫ్ వివరాలు పక్కపక్కన పెట్టి చూస్తే పేరులో ఒక అక్షరం తేడా ముందే దొరుకుతుంది. ఆఫర్ పోయినవాడితో మాట్లాడేటప్పుడు "ఏం చేశావు?" అనే ప్రశ్న కన్నా ముందు "ఈ నెల అద్దె ఎలా కడుతున్నావు?" అని అడగండి.