టోపీ బ్రష్షు, పద్దెనిమిది నోటుపుస్తకాలు

మ్యూజియాల్లో పాత వస్తువులను కాపాడేవాళ్ల జీవిత కథలన్నీ ఒకే వరసలో ఉంటాయి. ముందు చదువు, తర్వాత కొలువు, చివర్లో భోజనానంతరం కిళ్లీలా ఓ హాబీ. రూపర్ట్ గూల్డ్ ఈ వరసలో ఇమడడు. ఆయన బ్రిటిష్ నౌకాదళ అధికారి. 1914లో యుద్ధం మొదలయ్యేసరికి మనసు చితికిపోయి, సముద్ర పటాలు తయారుచేసే విభాగంలో బల్ల ముందుకు చేరాడు. గడియారాల పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అయినా 1920లో గ్రీనిచ్ అబ్జర్వేటరీలో చిలుము పట్టి కనిపించిన జాన్ హారిసన్ అనే వడ్రంగి చేసిన సముద్ర గడియారాలను బాగుచేస్తానని అడిగి, జీతం భత్యం లేకుండా పదమూడేళ్లు ఆ పనిలో గడిపాడు. ఇష్టముంటే చాలు, చదువులెందుకు అని వాదించేవాళ్లకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఆ వాదన మీద నాకు నమ్మకం లేదు. ఇష్టం ఆయన్ను ఆ గది దాకా తీసుకెళ్లింది, అంతే. పరిరక్షకుణ్ని చేసింది మాత్రం చేసిన ప్రతి పనినీ రాసిపెట్టుకునే అలవాటు.

గూల్డ్ నింపిన నోటుపుస్తకాలు పద్దెనిమిది. వాటి నిండా బొమ్మలు, ఏ భాగాన్ని ఏ వరసలో విప్పాలో, మళ్లీ ఎలా బిగించాలో వివరాలు. తన యంత్రాల గురించి హారిసన్ రాసినదానికన్నా ఇవే తేటగా ఉంటాయి. ఇవి లోకం కోసం రాసినవి కావు, తను మర్చిపోకుండా ఉండటానికి రాసుకున్నవి. మూడో గడియారంలో చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున వదిలే ఎస్కేప్‌మెంట్‌ను తీయాలన్నా, తిరిగి పెట్టాలన్నా ఎనిమిది గంటలు పట్టేది. అలా కనీసం నలభై సార్లు చేయాల్సి వచ్చింది. అంటే కనీసం 320 గంటలు, ఒక్క భాగానికే! నాలుగో గడియారం ముళ్లు ఊడదీసే కిటుకు పట్టుబడటానికి మూడు రోజులు పట్టింది. మొదటి గడియారాన్ని మామూలు టోపీ బ్రష్షుతో దులిపితే రెండు ఔన్సుల మురికీ చిలుమూ రాలాయి. దాన్ని ముందు శుభ్రం చేశాడు గానీ బాగుచేయడం మాత్రం చివరికి అట్టేపెట్టాడు. అందులో ప్రధాన స్ప్రింగులు లేవు, గొలుసులు లేవు, ఎస్కేప్‌మెంట్లు లేవు, కీ ఇచ్చే ఏర్పాటే లేదు. మేకులు, మరల్లాంటి చిన్న సామానులో పదింట ఒకటి మిగిలిందేమో. మిగతావాటి మీద చెయ్యి తిరిగాక గానీ దీన్ని తాకకూడదన్న నిగ్రహం ఉత్సాహవంతుడికి సులువుగా రాదు. 1933 ఫిబ్రవరి 1న అది మళ్లీ నడిచింది. అంతకుముందు అది ఆగింది 1767 జూన్‌లో.

ఆ గడియారాల గొప్పేమిటో క్లుప్తంగా: సముద్రం మధ్య రేఖాంశం తెలియక ఓడలు మునుగుతుంటే, బ్రిటిష్ పార్లమెంటు 1714లో 20,000 పౌండ్ల బహుమతి ప్రకటించింది. వడ్రంగి హారిసన్ 1735 నాటికి 34 కిలోల యంత్రం, 1759 నాటికి అరచేతిలో పట్టే గడియారం చేసి, ఓడ కుదుపుల్లోనూ సరైన సమయం నిలిచేలా చూశాడు; రేవు సమయానికీ ఓడ ఉన్నచోటి సమయానికీ తేడా తెలిస్తే రేఖాంశం తెలుస్తుంది. బహుమతి డబ్బు కోసం ముసలితనం దాకా పోరాడాడు.

నేటి పరిరక్షకులు ఇక్కడో అభ్యంతరం చెబుతారు. గూల్డ్ కొత్త భాగాలు చేసి పెట్టాడు, పాత ఆనవాళ్లు కొన్ని చెరిగిపోయాయి. నిజమే, ఇవాళ ఏ ప్రయోగశాలా అంత స్వేచ్ఛ ఇవ్వదు. కానీ గూల్డ్ వచ్చేదాకా ఆ యంత్రాలకు చిలుము పట్టింది ఖగోళ నిపుణుల కాపలాలోనే. 1766లో హారిసన్ ఇంటి నుంచి తరలించేటప్పుడు మొదటిదాన్ని కింద పడేసింది కూడా అబ్జర్వేటరీ తరఫున వచ్చినవాళ్లే. గూల్డ్ చేసినదాంట్లో ఏది సొంత కల్పనో వెతకాలంటే కనీసం నోటుపుస్తకాలున్నాయి. మొదటి గడియారం కుడి ఎడమలు జంటగా ఉండేలా కట్టినది కాబట్టి, పోయిన భాగాలను చాలావరకు మిగిలిన జోడీని చూసి చేశాడు, ఊహించి కాదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఇదే మనిషి 1934లో లాక్‌నెస్ సరస్సులో వింత జంతువు నిజంగానే ఉందని పుస్తకం రాశాడు. అలాంటివాడి తీర్పును హారిసన్ విషయంలో ఎలా నమ్మడం? నా సమాధానం: సరస్సు ఎదురు చెప్పదు, ఇత్తడి చెబుతుంది. తప్పుగా బిగిస్తే గడియారం ఆగిపోతుంది. అదే ఉత్సాహానికి ఒకచోట పగ్గం ఉంది, మరోచోట లేదు. ఈ గడియారాల వ్యసనానికి ఇల్లు చెల్లించిన మూల్యాన్నీ దాచకూడదు. 1927లో భార్య కోర్టుకెక్కి విడిపోయింది, కొలువూ పోయింది.

మిగిలిన ప్రశ్న, బాగుచేసిన యంత్రాన్ని నడపాలా అన్నది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకీ బయటికొచ్చి గంట కొట్టే బొమ్మ కోసం జనం ఎదురుచూస్తారు. ఆ గడియారం ఆగిపోతే ఆ హాలుకు పోయేవాళ్లు తగ్గిపోతారు, కానీ తిరిగే ప్రతి చక్రమూ అరుగుతుంది. గ్రీనిచ్ మధ్యేమార్గం ఎంచుకుంది. హారిసన్ మొదటి మూడు గడియారాలూ నడుస్తాయి. నూనె కావాల్సిన నాలుగోదాన్ని, అరుగుతుందని, ఆపి ఉంచారు.

గూల్డ్ మిగతా వ్యాపకాలు

టైప్‌రైటర్లు సేకరించాడు. వాటి చరిత్ర మీద రాసిన పుస్తకం ఆయన పోయాక 1949లో వచ్చింది. 1930లలో వింబుల్డన్ సెంటర్ కోర్టులో అంపైరుగా కూర్చున్నాడు. బీబీసీ రేడియోలో పిల్లలకు ప్రసంగాలు చేశాడు. 1923లో అచ్చయిన సముద్ర గడియారాల పుస్తకం ‘ది మెరైన్ క్రోనోమీటర్’ ఆయన రాసిందే. గడియారాల నిపుణుల సంస్థ బ్రిటిష్ హోరోలాజికల్ ఇనిస్టిట్యూట్ బంగారు పతకం 1947లో అందింది, చనిపోవడానికి ఏడాది ముందు.